అమెరికన్ లీజియన్ ‘సన్స్’లో పిల్లవాణ్ణి చేర్చాలంటే ఏ కాగితం కావాలి?

నేను ఆర్మీలో హవల్దార్ క్లర్క్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు తిరుపతిలో కొర్లగుంటలో ఉంటున్నాను. సర్వీసంతా కాగితాలతోనే గడిచింది కాబట్టి చుట్టాల్లో ఎవరు ఫారం నింపాలన్నా ఫోన్ నాకే వస్తుంది. ఈమధ్య అమెరికా నుంచి మా మేనకోడలు చేసింది. ఆమె రెండో పెళ్లి చేసుకున్నాయన అక్కడి నేవీలో పనిచేసి బయటికొచ్చిన మనిషి. మొదటి పెళ్లి వల్ల ఒక కొడుకున్నాడు, వాడు పుట్టింది ఇక్కడే తిరుపతిలో. “మామా, వీణ్ణి సన్స్ ఆఫ్ ది అమెరికన్ లీజియన్‌లో చేర్చాలని ఆయన అంటున్నాడు. వీడు ఆయనకు పుట్టినోడు కాదు కదా, ఒప్పుకుంటారా?” అని అడిగింది.

ఒప్పుకుంటారు. మన ఊళ్లో పిల్లల్ని అమెరికాకు పంపిన ఇళ్లు చాలానే ఉన్నాయి, ఇలాంటి సంబంధాలూ పెరుగుతున్నాయి. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందుగా మా అక్క టెన్షన్ సంగతి. మనవడిని మిలిటరీలో వేస్తున్నారని ఆమె ఒక పూట అన్నం మానేసింది. ఇది మిలిటరీ కాదు. అమెరికన్ లీజియన్ అనేది 1919లో మొదలైన మాజీ సైనికుల సంఘం. వాళ్ల వంశంలోని మగపిల్లల కోసం 1932లో ఆరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో జరిగిన మహాసభలో ఈ ‘సన్స్’ను పెట్టారు. మే నెల చివరి సోమవారం మెమోరియల్ డే వస్తుంది. ఆ రోజుకు సైనికుల సమాధుల మీద జెండాలు గుచ్చడం, ఆసుపత్రుల్లో ఉన్న మాజీ సైనికులకు తోడుగా నిలబడడం, పిల్లల సంక్షేమ నిధికి డబ్బు పోగుచేయడం, ఇలాంటివే పనులు. చేరితే వీసా రాదు, గ్రీన్ కార్డు రాదు, ఉద్యోగంలో కోటా ఉండదు. కండువా వేసుకుని శ్రీవారి సేవకు కొండెక్కే వాళ్లు ఎలా పోతారో అలా పోవాలి. లాభం లెక్కేసుకునే వాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

ఇక అర్హత. చిక్కంతా ఇక్కడే ఉంది, మిగతాదంతా సంతకాల పని. కొడుకు, మనవడు, మునిమనవడు ఇలా నేరుగా కిందికి దిగే మగసంతానం ఎవరైనా చేరొచ్చు. దత్తత కొడుకూ చేరొచ్చు, సవతి కొడుకూ చేరొచ్చు. మావాడిది ఈ చివరి దారి. దత్తత కాగితాలు అవసరం లేదు. కనీస వయసంటూ లేదు, చంటిబిడ్డ పేరున కూడా కార్డు తీసుకోవచ్చు. అయితే అల్లుడికి మామగారి సర్వీసు పనికిరాదు. అన్న కొడుక్కి చిన్నాయన సర్వీసూ పనికిరాదు. స్నేహితులనో శ్రేయోభిలాషులనో చేర్చుకునే పద్ధతి అసలే లేదు.

చాలామంది తప్పిపోయే చోటు ఇంకొకటి ఉంది. ఆ మాజీ సైనికుడు బతికి ఉంటే, ఆయన అమెరికన్ లీజియన్‌లో సభ్యుడై ఉండాలి. సర్వీసు చేసి ఊరికే ఇంట్లో కూర్చుంటే సరిపోదు. ముందు ఆయన చేరాలి, తర్వాతే పిల్లవాడు. సర్వీసులో ఉండగానో, గౌరవంగా డిశ్చార్జ్ అయ్యాకో చనిపోయి ఉంటే మాత్రం ఆయన సర్వీసు చూసి వారసుల్ని చేర్చుకుంటారు. లీజియన్‌లో చేరడానికి ఒకప్పుడు యుద్ధకాలాల్లో చేసినవాళ్లే అర్హులు. 2019లో చట్టం మార్చాక, 1941 డిసెంబర్ 7 తర్వాత ఎప్పుడు యాక్టివ్ డ్యూటీ, అంటే పూర్తికాలం సైనిక సేవ, చేసినా, సర్వీసు మచ్చలేనిదైతే చాలు. వియత్నాం యుద్ధం ముగిశాక 1970ల చివర్లో చేసి, ‘నీకు కుదరదు’ అనిపించుకున్న పెద్దమనుషులు మళ్లీ అడగాలి.

మా ఇంటికెదురుగా ఉండే ఆయన, “మా తాత బర్మా ఫ్రంట్‌లో కొట్లాడినాడు, డల్లాస్‌లో ఉండే మావోణ్ణి చేర్చుకుంటారా?” అని అడిగాడు. చేర్చుకోరు. మనవాళ్లు ఇండియన్ ఆర్మీలో చేసిన సర్వీసు అక్కడ లెక్కకు రాదు, నాది కూడా రాదు. మనకు ఏ పనున్నా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం గడపే తొక్కాలి.

సభ్యుడిగా ఉన్న తండ్రి అయితే ఆయన లీజియన్ కార్డు నంబరే సాక్ష్యం. చనిపోయిన తాత పేరు మీద అడుగుతున్నారంటే డీడీ-214 అనే డిశ్చార్జ్ కాగితం కావాలి. మన దగ్గర డిశ్చార్జ్ బుక్ ఉన్నట్టే అక్కడ ఇది. ఇందులో ‘మెంబర్-4’ కాపీ వెతకండి. ‘మెంబర్-1’లో డిశ్చార్జ్ ఎలాంటిదో రాసి ఉండదు, వీళ్లు చూసేది అదే. కాగితం పోతే సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనల్ రికార్డ్స్ సెంటర్‌కు దగ్గరి బంధువులు దరఖాస్తు పెట్టాలి. 1973లో అక్కడ అగ్నిప్రమాదం జరిగి 1912 నుంచి 1960 దాకా డిశ్చార్జ్ అయిన ఆర్మీ వాళ్ల ఫైళ్లు చాలా భాగం కాలిపోయాయి. తాత ఆ కాలం మనిషైతే ఆలస్యానికి సిద్ధపడి, ఇంట్లో ట్రంకుపెట్టెలు ముందు గాలించండి. పాత డీడీ-214 మీద మన ఆధార్ నంబరు లాంటి సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండొచ్చు. దాన్ని నల్లగా కొట్టేయకుండా కాపీ ఎవరికీ ఇవ్వొద్దు, వాట్సాప్‌లో అసలే పంపొద్దు.

పిల్లవాడి వైపు కాగితాల్లో మన అలవాటే మనకు అడ్డం వస్తుంది. ఇక్కడి బర్త్ సర్టిఫికెట్‌లో ఇనిషియల్, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, బడిలో ఇంకోరకం. ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయండి. సంబంధం అన్నచోట ‘సన్’ కాదు, ‘స్టెప్‌సన్’ అనే రాయాలి. మొహమాటానికి ‘సన్’ అని రాస్తే పేర్లు కలవక ప్రశ్నలు వస్తాయి. అడిగితే చూపించడానికి పిల్లవాడి బర్త్ సర్టిఫికెట్, తల్లి పెళ్లి సర్టిఫికెట్ దగ్గరుంచుకోండి. ఈ రెండూ కలిస్తేనే గొలుసు పూర్తవుతుంది. బర్త్ సర్టిఫికెట్‌లో బిడ్డ పేరే లేకపోతే, పుట్టుక రిజిస్టరైన తేదీ నుంచి పదిహేనేళ్లు దాటకముందే ఇక్కడ పేరు ఎక్కించుకోవాలి. అమెరికాలో కూర్చుని చేసే పని కాదది, ఊళ్లో ఉన్న తాతలం మనమే తిరగాలి.

లీజియన్ స్థానిక శాఖను పోస్ట్ అంటారు, దానికి అనుబంధంగా ఉండే సన్స్ శాఖను స్క్వాడ్రన్ అంటారు. ప్రతి పోస్ట్‌కూ స్క్వాడ్రన్ ఉండదు, లీజియన్ వెబ్‌సైట్‌లో దగ్గరి పోస్ట్ చూసి ఫోన్ చేసి కనుక్కోవాలి. చందా ఎంతో ఏ స్క్వాడ్రన్‌కు ఆ స్క్వాడ్రనే పెట్టుకుంటుంది, ఏటా కట్టాలి. ఫారం, చందా ఇచ్చేముందు ఒక మీటింగ్‌కు పోయి చూసి రమ్మని నా సలహా. చాలా పోస్టుల్లో బార్ ఉంటుంది. అది చూసి మా మేనకోడలు కొంచెం జంకింది. పిల్లల కార్యక్రమాలు ఏం చేస్తారు, ఎప్పుడు చేస్తారు అని నేరుగా అడగమన్నాను. కొన్ని స్క్వాడ్రన్లలో అందరూ తాతలే ఉంటారు, పన్నెండేళ్లవాడికి అక్కడేం తోస్తుంది? అలాంటప్పుడు పది మైళ్లు ఎక్కువైనా పిల్లలున్న స్క్వాడ్రన్ చూసుకోవడమే మేలు. తర్వాత ఊరు మారితే సభ్యత్వం అక్కడికి బదిలీ చేయించుకోవచ్చు.

“మరి ఆడపిల్లలకో?” అని మా అక్క అడిగింది. వాళ్లకు అమెరికన్ లీజియన్ ఆగ్జిలరీ అని వేరే సంఘం ఉంది, అందులో 18 ఏళ్లలోపు వాళ్లకు జూనియర్ సభ్యత్వం ఇస్తారు. దాని ఫారం వేరు, అర్హత నియమాలు కూడా వేరు, ఆ పోస్ట్‌లోనే అడిగి తీసుకోవాలి.