ఎక్సెల్‌లో రోజు, నెల తారుమారు: సమస్య - పరిష్కారం

ముందు ఒక్క పని చెయ్యండి. అలైన్‌మెంట్ బటన్లేవీ నొక్కకుండా తేదీల కాలమ్‌ని పైనుంచి కిందికి చూడండి. కొన్ని తేదీలు కుడివైపు, కొన్ని ఎడమవైపు ఉన్నాయా? అయితే నేరుగా మూడో సమస్యకి వెళ్లిపోండి. రెండు సెకన్ల ఈ పరీక్ష మానేసి ఫార్ములాలు తిరగరాస్తూ కూర్చునేవాళ్లే ఎక్కువ.

తేదీ బదులు ##### కనిపిస్తోంది

కాలమ్ ఇరుకైంది. హెడర్ అంచు మీద డబుల్ క్లిక్ చేస్తే సరి.

తేదీ బదులు 45385 లాంటి అంకె వచ్చింది

ఏమీ పాడవలేదు. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని లెక్కించిన రోజుల సంఖ్యగానే ఎక్సెల్ ప్రతి తేదీనీ దాచుకుంటుంది. 45385 అంటే 2024 ఏప్రిల్ 3. ఫార్మాట్ డేట్‌కి మార్చండి.

ఏప్రిల్ డేటాలో పన్నెండు నెలలూ కనిపిస్తున్నాయి

అసలు దొంగ ఇదే. ఫిల్టర్ తెరిస్తే జనవరి నుంచి డిసెంబర్ దాకా అన్ని నెలలూ ఉంటాయి, అట్టడుగున 13/04/2024 నుంచి మిగతా తేదీలు విడివిడిగా పడి ఉంటాయి.

సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్) ఫైల్లో తేదీలు మన పద్ధతిలో రోజు/నెల/సంవత్సరంగా ఉన్నాయి, కంప్యూటర్ రీజియన్ (ఏ దేశం పద్ధతిలో తేదీలు చదవాలో చెప్పే సెట్టింగ్) మాత్రం యునైటెడ్ స్టేట్స్. డబుల్ క్లిక్‌తో తెరవగానే 03/04/2024 కాస్తా మార్చి 4 అయిపోతుంది, లోపల 45355గా నిలిచిపోతుంది. పదమూడో నెల లేదు కనక 13/04/2024ని మాత్రం ముట్టుకోకుండా టెక్స్ట్‌గా వదిలేస్తుంది. టెక్స్ట్ ఎడమకి, తేదీ కుడికి. ఎర్రర్ ఒక్కటీ రాదు. ఏప్రిల్లో 4/4 తప్ప మొదటి పన్నెండు రోజుల్లో పదకొండు తప్పే. ఏడాది మొత్తానికి 132.

పైగా ఆ మార్చి 4ని అమెరికా పద్ధతిలో 3/4/2024 అని చూపిస్తుంది. మన కంటికి అది ఏప్రిల్ 3 లాగే ఉంటుంది! ఒకే ఒక్క ఆనవాలు: ముందున్న సున్నాలు మాయమవుతాయి. దాన్ని ఎక్సెల్ వర్క్‌బుక్‌గా సేవ్ చేసి, అదే ఫైల్ ఇండియా రీజియన్ ఉన్న కంప్యూటర్లో తెరిస్తే 04-03-2024. ఎవరు మార్చారని ఇద్దరూ వాదించుకుంటారు, నిజానికి ఎవరూ మార్చలేదు.

డేటా అంతా నెల మొదటి పన్నెండు రోజులదే అయితే అన్నీ కుడివైపే ఉంటాయి, మొదటి పరీక్షకి దొరకదు. అప్పుడు ఖాళీ సెల్లో 25/4/2024 అని కొట్టండి. ఎడమకి అతుక్కుంటే ఆ మెషీన్ అమెరికా లెక్కలో ఉన్నట్టే.

ఫార్మాట్ సెల్స్‌లోకి వెళ్లి రోజు-నెల క్రమం పెట్టడం వైద్యం కాదు. చొక్కా మారుతుంది, లోపల 45355 అలాగే ఉంటుంది. పాత సీఎస్‌వీ మీదే సేవ్ కొట్టారా, అసలు కూడా పోయినట్టే.

పరిష్కారం: అసలు సీఎస్‌వీని మళ్లీ తెచ్చుకోండి. ఖాళీ వర్క్‌బుక్‌లో డేటా ట్యాబ్, ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ, ట్రాన్స్‌ఫార్మ్ డేటా. కుడివైపు చేంజ్డ్ టైప్ అనే స్టెప్ ఉంటే తీసేయండి. తియ్యకపోతే తప్పు అక్కడే జరిగిపోయి ఉంటుంది. తేదీ కాలమ్ హెడర్ మీద రైట్ క్లిక్, చేంజ్ టైప్, యూజింగ్ లొకేల్ (లొకేల్ అంటే ఏ దేశం పద్ధతో). డేట్, ఇంగ్లిష్ (ఇండియా) ఎంచుకోండి. తర్వాత విండోస్ రీజనల్ ఫార్మాట్‌ని కూడా ఇంగ్లిష్ (ఇండియా)కి మార్చండి. గూగుల్ షీట్స్‌లో అయితే లొకేల్ కంప్యూటర్‌ది కాదు, ఆ షీట్‌ది; ఫైల్, సెట్టింగ్స్‌లో ముందే మార్చి ఆ తర్వాత ఇంపోర్ట్ చెయ్యాలి.

అసలు ఫైల్ దొరక్కపోతే పక్క కాలమ్‌లో ఫార్ములా రాయాలి. సెల్లో అంకె ఉంటే (అంటే కుడివైపున్న తేదీ అయితే) డేట్ ఫంక్షన్‌కి సంవత్సరం, రోజు, నెల అనే క్రమంలో ఇవ్వండి, తిరగబడింది మళ్లీ తిరగబడుతుంది. టెక్స్ట్ ఉంటే చివరి నాలుగు అక్షరాలు సంవత్సరం, నాలుగో స్థానం నుంచి రెండు నెల, మొదటి రెండు రోజు. ఎవరో మధ్యలో కొన్ని తేదీలు చేత్తో దిద్ది ఉంటే మాత్రం ఇది ఆ మంచివాటినీ చెడగొడుతుంది.

అన్నీ ఎడమవైపే ఉన్నాయి

అదృష్టవంతులు. అంతా టెక్స్టే, ఏదీ మారలేదు. టెక్స్ట్ టు కాలమ్స్, మూడో స్టెప్‌లో డేట్ కింద రోజు-నెల-సంవత్సరం ఎంచుకుని ఫినిష్.

మిగతావి

తేదీలన్నీ నాలుగేళ్ల ఒక రోజు జరిగితే అది రోజుల్ని 1900 బదులు 1904 నుంచి లెక్కించే పాత మ్యాక్ ఫైళ్ల పద్ధతి. రెండంకెల సంవత్సరంలో 25 అని కొడితే 1925లో పుట్టిన తాతగారు 2025లో పుడతారు, నాలుగంకెలూ కొట్టండి.

ఫైల్ పంపేది మీరే అయితే 2024-04-03 అని పంపండి. తేదీలు రాయడానికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 8601 క్రమం ఇది, ఏ రీజియన్లో తెరిచినా ఎక్సెల్ దీన్ని ఏప్రిల్ 3గానే చదువుతుంది.