కలప పలకల ఎగుమతి లెక్కలు – 4వ పాఠం: అంతరం పెరిగిందా, తగ్గిందా?

పోయిన పాఠంలో ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) గణాంకాల నుంచి రెండు దేశాల ఎగుమతి విలువలు దించుకుని, స్ప్రెడ్‌షీట్‌లో పక్కపక్కన పెట్టుకున్నాం. ముందుకెళ్లే ముందు రెండు వరుసల్లోనూ ఒకే సరుకులు ఉన్నాయా అని ఇంకోసారి చూసుకోండి. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, ఓఎస్‌బీ (చెక్క పేళ్లను అతికించి చేసే పలక), ఫైబర్ బోర్డు పలకల కిందికి వస్తాయి. వెనీర్‌ను (పలచటి చెక్క పొరను) మాత్రం కొన్ని పట్టికలు పలకల్లో కలుపుతాయి, కొన్ని విడిగా చూపుతాయి. ఒక దేశానికి కలిపి ఇంకో దేశానికి వదిలేస్తే ఇక్కడి నుంచి చేసే పనంతా వృథా.

లెక్క తేలిగ్గా ఉండాలని కల్పించిన అంకెలతో మొదలుపెడదాం. పదేళ్లలో ‘క’ దేశం ఎగుమతులు 200 కోట్ల డాలర్ల నుంచి 300 కోట్లకు పెరిగాయి. ‘చ’ దేశంవి 20 కోట్ల నుంచి 60 కోట్లకు పెరిగాయి. రెండు దేశాల మధ్య దూరం పెరిగినట్టా, తగ్గినట్టా?

తీసివేసి చూస్తే పెరిగింది: మొదట 180 కోట్లు, ఇప్పుడు 240 కోట్లు. భాగించి చూస్తే తగ్గింది: మొదట ‘క’ పది రెట్లు పెద్దది, ఇప్పుడు అయిదు రెట్లే. రెండు జవాబులూ నిజమే. మొదటిది డబ్బు గురించి చెబుతోంది, రెండోది వేగం గురించి. నివేదికల్లో నన్ను బాగా బాధపెట్టేది ఈ రెండింటినీ కలిపేయడం. ఏది చెబుతున్నారో ముందే రాసి, ఆ తర్వాతే అంకె వేయండి.

వేగం కావాలంటే సగటు వార్షిక వృద్ధి రేటు కట్టాలి. ఖాళీ గడిలో =(300/200)^(1/10)-1 అని రాయండి. ‘క’కు సుమారు 4.1 శాతం వస్తుంది. అదే సూత్రంలో 60/20 పెడితే ‘చ’కు 11.6 శాతం. మొత్తం పెరుగుదలను పదితో భాగించి ‘క’ది ఏటా 5 శాతం అనకండి. ఏ ఏటి పెరుగుదలైనా అంతకుముందు ఏడు పెరిగినదాని మీద కూడా పడుతుంది.

బొమ్మ గీసేటప్పుడు నిలువు అక్షాన్ని లాగ్ స్కేలుకు, అంటే ఒక్కో మెట్టుకు విలువ అన్నే రెట్లు పెరిగే స్కేలుకు, మార్చండి. మామూలు స్కేలు మీద ‘చ’ గీత అడుగున అణిగిపోయి కనిపిస్తుంది. లాగ్ స్కేలు మీద సమాన వేగాలకు సమాన వాలు వస్తుంది కాబట్టి ‘చ’ నిటారుగా లేవడం కంటికి తెలుస్తుంది.

ఇక సూచిక. ఒక ఏడాదిని 100 అనుకుని మిగతా ఏళ్లను దానితో కొలవడం. ఇక్కడ తప్పంతా ఆధార సంవత్సరం ఎంపికలోనే జరుగుతుంది. ఇండోనేషియాను చూడండి. 1985లో దుంగల ఎగుమతిని నిషేధించి ప్లైవుడ్ వైపు తిరిగింది, 1990ల్లో ఆ సరుకులో ప్రపంచంలోనే పెద్ద ఎగుమతిదారుగా ఉంది. 1997–98 ఆసియా ఆర్థిక సంక్షోభంలో ఆ ప్లైవుడ్ కొనే జపాన్, దక్షిణ కొరియాల్లో గిరాకీ కుంగింది, ధరలు పడ్డాయి. అలాంటి 1998ని 100 అనుకుంటే తర్వాత మామూలుగా కోలుకోవడం కూడా గొప్ప ఎదుగుదలలా కనిపిస్తుంది. అందుకే ఒక్క ఏడాది బదులు మూడేళ్ల సగటును ఆధారంగా తీసుకోవడం మేలు.

ద్రవ్యోల్బణం మాటేమిటని అడిగే పాఠకులు ఉంటారు. ఈ విలువలు ఆయా ఏళ్ల డాలర్లలోనే ఉంటాయి, నిజమే. కానీ ద్రవ్యోల్బణాన్ని తీసేయడానికి ఏ ఏడాదికైనా రెండు దేశాల విలువలనూ ఒకే డాలర్ ధరల సూచికతో భాగిస్తాం కాబట్టి వాటి నిష్పత్తి మారదు. ఎవరు వేగంగా పెరిగారన్న ప్రశ్నకు ఆ సవరణ అక్కర్లేదు. ఒక దేశం నిజంగా పెరిగిందా అన్నప్పుడు మాత్రం తప్పదు.

అభ్యాసం: ఇండోనేషియా, మలేషియాలకు 1990 నుంచి 2010 వరకు సూచిక కట్టండి. ఒకసారి 1998 ఆధారంగా, ఇంకోసారి 1995–97 సగటు ఆధారంగా. రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి, ఏ దేశం గీత ఎక్కువ జరిగిందో రాసుకోండి. ఆ కాగితం 5వ పాఠంలో కావాలి: అందులో విలువను ఘనపు మీటర్లతో భాగించి, మార్పులో ధర వాటా ఎంతో, సరుకు వాటా ఎంతో విడదీస్తాం.