దసరాకి షాపు ఓపెనింగా? బోర్డుకి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూసుకోండి

పేరుమోసిన బ్రాండ్ పేరు పెట్టకండి, మీ సరుకు వేరే అయినా సరే. "వాళ్ళు కార్లు అమ్ముతారు, మనం బట్టలు అమ్ముతాం" అనే వాదన నిలబడదు. లోదుస్తులకి బెంజ్ పేరు, దాని గుర్తును పోలిన బొమ్మ వాడిన వ్యాపారిని ఢిల్లీ హైకోర్టు ఆపేసింది. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 29(4) సెక్షన్ చెప్పేది ఇదే: పేరున్న రిజిస్టర్డ్ మార్కు ప్రత్యేకతకి గానీ పరువుకి గానీ దెబ్బ తగిలితే చాలు, కొనేవాడు మోసపోయాడని చూపించక్కర్లేదు. అప్పుడు బోర్డు, కవర్లు, బిల్లు పుస్తకాలు, అన్నీ మార్చాలి.

ట్రేడ్‌మార్కులు రిజిస్టర్ చేసే ప్రభుత్వ సైట్ ఐపీ ఇండియాలో మీ క్లాసు (సరుకులు, సేవల వర్గం) ఒక్కటే వెతికి ఊరుకోవద్దు. మొత్తం 45 క్లాసులు ఉన్నాయి. సుప్రసిద్ధ మార్కుల జాబితా విడిగా ఉంటుంది, అదీ చూడండి. వెతకడానికి ఫీజు లేదు.

పేరు పైకి చదివి వినండి. ఒక అక్షరం మార్చినా, తెలుగు లిపిలో రాసినా, పలికితే అదే వినపడితే చిక్కే.

జీఎస్టీ వచ్చింది కదా అని ధీమా వద్దు. అది పన్ను నంబరు, పేరు మీద హక్కు కాదు.

మీ ఇంటిపేరే పెద్ద బ్రాండ్ పేరా? నిజాయితీగా వాడుకుంటే అదే చట్టం 35వ సెక్షన్ కాపాడుతుంది. వాళ్ళ రంగులు, అక్షరాల తీరు కూడా దించేస్తే మాత్రం నిజాయితీ అంటే ఎవరు నమ్ముతారు?

బ్రాండ్ వాళ్ళ నుంచి నోటీసు వస్తే పక్కన పడేయకండి. జవాబు లేకపోతే కోర్టులో అదే మీకు ఎదురు తిరగొచ్చు.