బీరకాయ ఒకటి పాదుకే వదిలేయండి
నాటు బీరపాదు ఉంటే ఈసారి బాగా సాగిన కాయ ఒకటి కోయకుండా వదిలేయండి. అంతకంటే ముందు అదే పాదు లేత కాయ కోసి చిన్న ముక్క నోట్లో వేసుకోండి. చేదుంటే ఆ పాదు విత్తనమూ వద్దు, కూరా వద్దు. హైబ్రిడ్ అయినా విత్తనం కట్టకండి, మళ్లీ అదే రకం రాదు.

కాయ తీగ మీదే ఎండి, ఊపితే గలగలమనాలి. అప్పుడు కింది కొన మూతలా ఊడి నల్లటి గింజలు రాలతాయి. తాలువి ఏరేసి, నీడలో ఆరబెట్టి, కాస్త బూడిద కలిపి సీసాలో దాచండి. మిగిలిన పీచుతో గిన్నెలు తోముకోవచ్చు. నాటేముందు ఒక రాత్రి నానబెట్టి, అంగుళం లోతున గుచ్చితే చాలు.

పిందెలు నిలవట్లేదా? బీరపూలు విచ్చుకునేది సాయంత్రం. ఆ వేళకే మగపువ్వు తెంపి, వెనక చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకు అద్దండి.

ఇక కాయలు చేతికొచ్చాక లేత చెక్కు పారేయకండి. పచ్చిమిర్చితో నూనెలో మగ్గించి, చింతపండు, వేయించిన నువ్వులు, ఉప్పు వేసి నూరితే పచ్చడి. మా ఇంట్లో కూర కన్నా ముందు అదే ఖాళీ అవుతుంది.