తెలుగు పోస్టర్ చేయడం ఎలా? ముందు పెన్సిల్ పట్టుకోండి

మా కాలనీ రక్తదాన శిబిరానికి నేను చేసిన మొదటి పోస్టర్‌లో ఆరు రంగులు, నాలుగు ఫాంట్లు, అతిథులందరి ఫొటోలూ ఉన్నాయి. పక్కింటి అంకుల్ అంతా చూసి, "ఇంతకీ ఎప్పుడు బాబూ?" అన్నారు. తేదీ ఉంది, ఓ మూలన, చీమ తలకాయంత.

అందుకే ముందు కంప్యూటర్ తెరవకండి. ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి ఫోన్ చేయాలి అని తెల్లకాగితం మీద వరసగా రాసుకుని, మొదటిదాన్ని మిగతావాటికి కనీసం రెండింతలు పెద్దగా పెట్టండి. 20 పాయింట్ల సైజు అక్షరాల పక్కన 22 పెడితే పొరపాటున వచ్చిందనుకుంటారు.

తర్వాత కొలతలు. ఏ4 అంటే 210 × 297 మి.మీ. చుట్టూ 15 మి.మీ. ఖాళీ వదలండి. ఎడమవైపు ఒక గీత ఊహించుకుని అన్ని లైన్లూ దానికే ఆనించండి (శుభలేఖలు చూసీ చూసీ మనకి అన్నీ మధ్యకి తోసే అలవాటు). తేదీ, వేళ, చోటు దగ్గరదగ్గరగా, ఫోన్ నంబరు కాస్త ఎడంగా ఉండాలి.

అసలు తంటా తెలుగు అక్షరాలతోనే. ఇంగ్లిష్‌లోలా పెద్దబడి, చిన్నబడి (క్యాపిటల్, స్మాల్) అక్షరాలు మనకి లేవు కాబట్టి సైజు, మందంతోనే తేడా చూపించాలి. హెడింగ్‌కి రామభద్ర, మేటర్‌కి మండలి చాలు, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కదా, 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటల్లో అయితే ఒకే అక్షరానికి రెండు ఒత్తులు, కాబట్టి లైన్ల మధ్య దూరం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు ఇవ్వండి. అక్షరాల మధ్య దూరం పెంచే సెట్టింగ్ జోలికి మాత్రం వెళ్లొద్దు, పదం విడివిడిగా చెదిరిపోయినట్టు కనిపిస్తుంది.

రంగులా? తెలుపు మీద నలుపు, ముఖ్యమైనచోట ఒక్క ఎరుపు. నీలం మీద ఎరుపు అక్షరాలు పెడితే కళ్లు లాగేస్తాయి.

ప్రింట్‌కి ఇచ్చేటప్పుడు నాలుగువైపులా 3 మి.మీ. బ్లీడ్ (కాగితం కోసేటప్పుడు తెల్ల అంచు మిగలకుండా రంగుని అంచు దాటించే భాగం) ఉంచి, సీఎంవైకే (ప్రింటింగ్‌లో వాడే నాలుగు సిరాల) రంగుల్లో, ఫాంట్లు ఎంబెడ్ చేసిన, అంటే ఫైల్లోనే చేర్చిన, పీడీఎఫ్ ఇవ్వండి. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపిస్తే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపించుకోండి.

ఇచ్చేముందు ఒక కాపీ గోడకి అంటించి, పదడుగుల దూరం నుంచి విషయం తెలియనివాళ్లతో చదివించండి. రెండోసారి నేను మా అంకుల్‌నే పిలిచాను. తేదీ ఠక్కున చెప్పేశారు, ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువుందని కూడా పట్టేశారు.