వానలకు ముందే సంపు మూత చూడండి

బెంగళూరులో మన తెలుగువాళ్లు అద్దెకుండే చాలా ఇళ్లకు వాకిట్లోనే సంపు, అంటే నేలకింది నీళ్లతొట్టి ఉంటుంది. ట్యాంకర్ వస్తే మూత తీసి పైపు వేస్తాం, ఫోన్ మోగితే లోపలికి పోతాం. రెండేళ్ల బిడ్డకు ఆ కాస్త వ్యవధి చాలు. నీళ్లలో పడిన పసిబిడ్డ చాలాసార్లు అరవను కూడా అరవదు.

ఐదేళ్లలోపు పిల్లల మరణాలను సమీక్షించాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆశా కార్యకర్త కబురు చేస్తే ఏఎన్ఎం, అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ నర్సు, బిడ్డ పోయిన ఇంటికి వచ్చి అడుగుతుంది. జబ్బు ముదిరిందని ఎప్పుడు తెలిసింది? బండి ఎంతసేపటికి దొరికింది? ఆసుపత్రికి చేరాక వైద్యం ఎప్పుడు మొదలైంది? ఇంకో ఇంట్లో అలా జరగకూడదనే ఈ అడగడమంతా. అయితే ఆ ప్రశ్నలు బిడ్డ పోయేదాకా ఎందుకు ఆగాలి? జూన్ రాకముందే మన వీధిలో మనమే వేసుకుందాం.

సంపు మూతకు తాళం ఉందా? మూత కింద ఇనుప జాలీ వేయించమని ఓనరును గట్టిగా అడగండి. మూత తీసినవాళ్లే అది మూసేదాకా అక్కడ నిలబడాలి. బాత్‌రూమ్ బకెట్‌లో నీళ్లు వదలొద్దు, జానెడు నీళ్లూ ప్రమాదమే. పక్క సైటులో పునాది గుంతలు వానకు నిండుతాయి. ఊళ్లనుంచి వచ్చిన కూలీల పిల్లలు ఆడుకునేది వాటి గట్ల మీదే. చుట్టూ కంచె కట్టమని మేస్త్రీకి చెప్పండి, కట్టేదాకా వదలకండి.

2023 నవంబరులో వైట్‌ఫీల్డ్ హోప్ ఫామ్ జంక్షన్‌లో ఫుట్‌పాత్ మీద పడున్న కరెంటు తీగ తగిలి తల్లీ, తొమ్మిది నెలల బిడ్డా చనిపోయారు. తెగిన తీగ కనిపిస్తే దగ్గరికి పోకుండా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.

బిడ్డకు విరేచనాలైతే వెంటనే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి, డాక్టరు రాసిన జింకును 14 రోజులూ వేయండి. బిడ్డ పాలు తాగకపోయినా, మత్తుగా పడున్నా, ఫిట్స్ వచ్చినా, ఊపిరికి డొక్కలు లోపలికి పోతున్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి చేయండి. ఆసుపత్రి దారిలో రాత్రి వానకు ఏ అండర్‌పాస్ మునుగుతుందో ఇప్పుడే కనుక్కోండి.

ఇంకొక్క మాట. బిడ్డ పోయిన ఇంటికి ఏఎన్ఎం వస్తే ఆమె కన్నడంలో అడుగుతుంది, తల్లికి తెలుగే వచ్చు. భాష తెలిసినవాళ్లు వెళ్లి ఆ తల్లి పక్కన కూర్చోండి. ఆమె చెప్పింది చెప్పినట్టే అందించండి. అత్తగారో పక్కింటివాళ్లో ఆమెకు బదులు జవాబివ్వకుండా చూడండి.