జననాంగాల దగ్గర పొక్కు, పులిపిరి కనిపిస్తే ఏం చేయాలి?

ముందుగా ఒక్క మాట: ఏ క్రీమూ పూయకండి. ఒడిశాలో మన పర్లాకిమిడిలోనైనా, గుణుపూర్‌లోనైనా మందుల షాపులో ‘దురద మందు’ అంటే చాలాసార్లు చేతికొచ్చేది స్టెరాయిడ్ కలిసిన ట్యూబే. ఎరుపు తగ్గినట్టుంటుంది గానీ హెర్పిస్ (వైరస్ వల్ల లేచే పొక్కుల జబ్బు) ముదరొచ్చు. పుండు రూపం మారి డాక్టరూ పోల్చుకోలేరు.

1. వెలుతురులో చూసుకోండి. ఆవగింజలంత నీటిపొక్కులు గుత్తిగా లేచి, చితికి పుండ్లయి, మూత్రం తగిలితే భగ్గుమని, గజ్జల్లో బిళ్ళలు కడితే హెర్పిస్ అయ్యే అవకాశం ఎక్కువ. నొప్పిలేని ఒంటి పుండు, అంచు గట్టిగా ఉంటే సవాయి (సిఫిలిస్) కావచ్చు. అది వైరస్ కాదు, మందు వేరు. కాలీఫ్లవర్‌లా పెరిగే మెత్తని కండ హెచ్‌పీవీ అనే వైరస్ తెచ్చే పులిపిరి. హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి మాత్రం అక్కడ గుర్తేమీ చూపించవు.

2. రెండు మూడు రోజుల్లోపే జిల్లా ఆసుపత్రిలో సుఖవ్యాధులు చూసే సురక్షా క్లినిక్‌కు వెళ్ళండి. ‘వేడి చేసింది’ అంటే వేడికే మందిస్తారు. ఒడియా తడబడినా ‘ఘా’ అనండి, పుండని అర్థమవుతుంది. హెర్పిస్‌కు అక్కడ ఉచితంగా ఇచ్చేది ఎర్ర కిట్: ఎసైక్లోవిర్ 400 మి.గ్రా., రోజుకు 3 సార్లు, 7 రోజులు. కిడ్నీ జబ్బున్నా, గర్భమున్నా ముందే చెప్పండి.

మంటకు అర లీటరు గోరువెచ్చని నీళ్ళలో చెంచా ఉప్పు వేసి కడుక్కోండి. మూత్రం పోసేటప్పుడు నీళ్ళు పోసుకుంటుంటే సుర్రుమనదు. పొక్కులు చిదమకండి, ముట్టుకున్న చెయ్యి కంట్లో పెట్టకండి.

హెర్పిస్ వైరస్ నరాల్లో దాగి మళ్ళీ మళ్ళీ లేస్తుంది. ఏడాదికి ఆరుసార్లు దాటితే రోజూ వేసుకునే మాత్ర గురించి అడగండి. ఏళ్ళ కిందట సోకింది ఇవాళ బయటపడొచ్చు. పొక్కు చూసి భార్యనో భర్తనో అనుమానించి ఇల్లు కూల్చుకోవద్దు.

3. పులిపిరికి సున్నం, బ్లేడు, ఆనెల మందు వద్దు. డాక్టరు మందు రాసో, చలితో గడ్డకట్టించో తీస్తారు. మూడు నెలల్లో మళ్ళీ మొలిస్తే మందు పనిచేయలేదని మానేయకండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ రకాలు వేరు. పులిపిర్లున్నా లేకున్నా 30 దాటిన ఆడవాళ్ళు ఆ క్యాన్సర్ పరీక్ష చేయించుకోవాలి.

4. ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రం) హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. హెపటైటిస్-బి, సిఫిలిస్ కూడా చేయమనండి. ఇవాళ నెగటివ్ వచ్చినా మూడు నెలలకు మళ్ళీ చేయించాలి. కండోమ్ లేని కలయిక నిన్నో మొన్నో జరిగుంటే ఆగకండి: హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. మీ సమ్మతి లేకుండా పరీక్షించకూడదని, ఫలితం గోప్యంగా ఉంచాలని 2017 హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. సందేహాలకు 1097కు ఫోన్ చేయండి. హెపటైటిస్-బి లేదని తేలితే టీకా: ఇవాళ, నెలకు, ఆరు నెలలకు.

5. పుండ్లు పూర్తిగా మానేదాకా కలవకండి. తర్వాత కండోమ్ వాడండి, కొబ్బరినూనె మాత్రం రాయకండి, రబ్బరు చిరిగిపోతుంది. భార్యకు నెలలు నిండుతుంటే హెర్పిస్ సంగతి కాన్పు డాక్టరుకు చెప్పండి. తల్లికి హెపటైటిస్-బి ఉంటే బిడ్డకు 24 గంటల్లోపే టీకా పడాలి.